మూడుసార్లు పుట్టిన క్లబ్బు: మెర్థర్ టిడ్‌విల్ ప్రయాణం

గురువారం, టాఫ్ లోయ మీదికి

కార్డిఫ్ నుంచి మెర్థర్ టిడ్‌విల్‌కి రైల్లో సుమారు గంట. టాఫ్ నదిని పట్టుకుని దారి పైకి పోతుంది. పాంటిప్రిథ్ దాకా చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఆ తర్వాత లోయ ఇరుకవుతుంది. కొండవాలు మీద గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల వరసలు, వాటి పైన గొర్రెలు, గొర్రెల పైన మబ్బు. పచ్చగా నున్నగా కనబడే కొన్ని గుట్టలు అసలు గుట్టలే కావట. బొగ్గు తవ్వినప్పుడు పోసిన మట్టి మీద గడ్డి మొలిచిందంతే. ఇప్పుడు ఈ లైన్‌లో కొత్త కరెంటు రైళ్లు నడుస్తున్నాయి. రానూపోనూ టికెట్ పది పౌండ్ల లోపే అయింది.

వేల్స్‌లో ఫుట్‌బాల్ అంటే ఈ మధ్య అందరూ రెక్సమ్ పేరే చెబుతున్నారు. హాలీవుడ్ నటులు కొన్న క్లబ్బు కదా. కార్డిఫ్‌లో పుట్టి పెరిగిన మా చెల్లి కొడుకు మాత్రం నేను వచ్చినరోజే తేల్చేశాడు: "రెక్సమ్ సంగతి అందరికీ తెలుసు పెద్దమ్మా. నిన్ను ఊరివాళ్లే ఓనర్లయిన క్లబ్బుకి తీసుకెళ్తా." వాడికి పన్నెండేళ్లు. అక్టోబర్ సెలవులు. నాకు ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ మా నాన్న గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. పట్టాల మీద మొదటి ఆవిరి ఇంజన్ నడిచింది ఈ మెర్థర్‌లోనే అని చిన్నప్పుడు ఆయన చెబుతుంటే విన్నాను. అలా ఇద్దరికీ చెరో కారణం దొరికింది.

మేము దిగిన ఇంటి యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. తలుపు తీయగానే "రా లవ్, తడిసిపోయావ్" అంది. బయట వాన పడట్లేదు, గాల్లో నీళ్లున్నాయి, అంతే. ఎందుకొచ్చారని అడిగితే పిల్లాడు గర్వంగా "మార్టర్స్ మ్యాచ్‌కి" అన్నాడు. ఆవిడ చేతిలో టీకెటిల్ అలాగే పట్టుకుని వాణ్ని, నన్ను మార్చిమార్చి చూసింది. "ఇండియా నుంచి? మార్టర్స్ కోసం?" ఆ తర్వాత రెండు పూటలూ మా ప్లేట్లలో సాసేజ్‌లు ఒకటి ఎక్కువే పడ్డాయి.

మార్టర్స్ అంటే అమరులు. మెర్థర్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఊళ్లో ఉన్న ముద్దుపేరు అది. అయిదో శతాబ్దంలో ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకుందని చెప్పుకునే టిడ్‌విల్ అనే పుణ్యవతి పేరే ఊరి పేరు, ఆమె మరణమే జట్టు పేరు.

రాత్రి భోజనానికి ఊళ్లో ఒక చైనీస్ టేకవేకి వెళ్లాం. నా ముందున్న ఇద్దరూ 'హాఫ్ అండ్ హాఫ్' అడిగారు. నేనూ అదే చెప్పాను. డబ్బా తెరిస్తే ఒక పక్క అన్నం, ఒక పక్క ఆలుగడ్డ చిప్స్, రెండింటి మీదా పచ్చటి కోడికూర. ఏడు పౌండ్లకి అటూ ఇటూ. అన్నంలో చిప్స్ కలుపుకోవడమేమిటని మొదట నవ్వుకున్నాను. సగం అయ్యాక నవ్వు ఆగిపోయింది. పప్పన్నంలో అప్పడం నలుపుకుని తినేవాళ్లకి దీన్ని తప్పుపట్టే అర్హత లేదు. కూరలో కారం మాత్రం సున్నా. పిల్లాడు జేబులోంచి చిల్లీ సాస్ పొట్లం తీశాడు, వాళ్లమ్మ పోలికే.

శుక్రవారం, ఇనుము కాచిన ఊరు

పొద్దున్నే కవార్థ్‌వా కోట చూడ్డానికి వెళ్లాం. కోట అంటే రాజులది కాదు, ఫ్యాక్టరీ యజమానిది. 1820ల్లో విలియం క్రాషే అనే ఇనుప సేఠ్ కట్టుకున్న ఇల్లు. కిటికీలోంచి చూస్తే తన కొలుములు మండుతూ కనబడాలని ఎదురుగా ఉన్న గుట్ట మీద కట్టించాడు. ఇప్పుడు మ్యూజియం. ఒకప్పుడు మెర్థర్‌లో నాలుగు పెద్ద ఇనుప కర్మాగారాలుండేవి: డౌలైస్, కవార్థ్‌వా, ప్లిమత్, పెనిడారెన్. 1851 నాటికి వేల్స్ మొత్తంలో ఇదే అతిపెద్ద పట్టణం, నలభై ఆరు వేల జనం. కార్డిఫ్ అప్పటికి దీని ముందు చిన్న రేవు.

ఆ ఇనుము కార్మికులు 1831లో జీతాల కోత మీద తిరగబడ్డారు. దూడ రక్తంలో గుడ్డ ముంచి ఎర్రజెండా ఎత్తారు. సైన్యం కాల్చింది. ఆ గొడవలో ఒక సైనికుణ్ని పొడిచాడని డిక్ పెండెరిన్ అనే కుర్రాణ్ని కార్డిఫ్‌లో ఉరి తీశారు. అతను పొడవలేదని ఈ ఊరు ఇప్పటికీ నమ్ముతుంది. మెర్థర్ ప్రజలే 1900లో కెయిర్ హార్డీని పార్లమెంటుకి పంపారు. కూలీలకంటూ ఒక పార్టీ ఉండాలన్న ఆయన 1907లో మన దేశం వచ్చి, స్వదేశీ ఉద్యమాన్ని వెనకేసుకొచ్చి, లండన్ పత్రికల చేత తిట్లు తిన్నాడు. ఆయన మెర్థర్ ఎంపీ అని నాకు ఇక్కడికొచ్చేదాకా తెలియదు.

నా మొక్కు పాంట్‌మోర్లైస్ వీధి చివర. రిచర్డ్ ట్రెవితిక్ జ్ఞాపకంగా అక్కడొక చిన్న స్మారకం ఉంది. 1804 ఫిబ్రవరి 21న ఆయన ఇంజన్ పెనిడారెన్ కర్మాగారం నుంచి పది టన్నుల ఇనుమూ డెబ్బై మంది మనుషుల్నీ లాక్కుని దాదాపు పది మైళ్లు, అబర్‌కైనన్ దాకా వెళ్లింది. నాలుగు గంటల పైన పట్టింది. నడిచి వెళ్తే ముందే చేరొచ్చు. దాని వెనక ఉన్నది ఇద్దరు యజమానుల మధ్య అయిదొందల గినీల పందెం. ఇంజన్ గెలిచింది కానీ దాని బరువుకి పోతఇనుప పట్టాలు విరిగిపోయాయి. కొన్నాళ్లకే మళ్లీ గుర్రాలు వచ్చాయి. తర్వాత రైలింజన్లు కట్టిన స్టీవెన్సన్ పేరు లోకానికి తెలిసింది, ట్రెవితిక్ డబ్బులేక చనిపోయాడు. నేను ఫోటో తీసి మా గుంతకల్లు రైల్వే స్కూలు గ్రూపులో పెట్టాను. ఫుట్‌బాల్ ఫోటోలకు రాని లైకులు దీనికొచ్చాయి.

మధ్యాహ్నం మార్కెట్ దగ్గర ఫ్యాగట్స్ తిన్నాను. పంది కార్జమూ లోపలి ముక్కలూ నూరి ఉండలు చేసి, బఠాణీ ముద్ద, గ్రేవీ పోసి ఇస్తారు. మిరియాల ఘాటు బాగుంది. కార్జం వేపుడు తినే ఇంటినుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు కొత్త అనిపించలేదు. పిల్లాడు వాసన చూసి చీజ్ శాండ్‌విచ్ వైపు వెళ్లిపోయాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన మా మాటలు వింటూ కూర్చుని, చివరికి ఉండబట్టలేక కుర్చీ మా వైపు లాక్కున్నాడు. ఇక్కడ ఇది మామూలే. ఇంగ్లండ్‌లో పక్కవాడితో మాట్లాడాలంటే వాతావరణంతో మొదలెట్టాలి. ఈ లోయల్లో ఆ తతంగం లేదు, నేరుగా మీ పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగుతారు.

ఆయన హూవర్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చేశాడు. 1948 నుంచి 2009 దాకా ఈ ఊరి వాషింగ్ మెషీన్లు బ్రిటన్ అంతటా తిరిగాయి. 1980ల్లో అక్కడే సింక్లెయిర్ సీ5 అనే మూడు చక్రాల బ్యాటరీ బండి కూడా తయారుచేశారు. అది లోకమంతా నవ్వుకున్న బండి. ఆయన దాని గురించి చెబుతూ తనూ నవ్వాడు: "మేము కట్టినవన్నీ అద్భుతంగా ఉండేవి. కొనేవాళ్లు మాత్రం ఉండరు."

క్లబ్బు గురించి అడిగాను. నేను ఊహించినట్టు గెలుపులతో మొదలుపెట్టలేదాయన. "అరవై ఒకటి," అన్నాడు. "1920ల్లో పరాయి ఊళ్లో వరసగా అరవై ఒక్క లీగ్ మ్యాచ్‌లు గెలవకుండా ఆడాం. ఇంగ్లండ్ లీగ్ రికార్డు అది. ఇంకా ఎవడూ కొట్టలేదు." చెబుతుంటే ముఖం వెలిగిపోయింది.

ఆ కథ ఇదీ. మెర్థర్ టౌన్ 1908లో పుట్టింది. 1920లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో కొత్తగా మూడో డివిజన్ పెట్టినప్పుడు అందులో చేరింది. పదేళ్లు ఉంది. ఆ పదేళ్లలోనే ఊరు ఎండిపోతూ వచ్చింది. 1930లో డౌలైస్‌లో ఉక్కు కాయడం ఆగిపోయింది. అదే ఏడాది మిగతా క్లబ్బులు ఓటు వేసి మెర్థర్‌ని లీగ్ నుంచి బయటికి పంపి, దాని చోటు లండన్‌లోని థేమ్స్ అనే క్లబ్బుకి ఇచ్చాయి. థేమ్స్ రెండేళ్లకే మూతపడింది, అది వేరే సంగతి. పని లేనివాడికి గేటు దగ్గర ఇచ్చే డబ్బులు ఎక్కడినుంచి వస్తాయి? 1934లో మెర్థర్ కూడా మూతపడింది. రెండేళ్ల తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్ రాజు డౌలైస్ శిథిలాలు చూసి ఏదో ఒకటి చేయాలన్నాడని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. చేసేలోపు ఆయన సింహాసనమే వదిలేశాడు.

రెండో పుట్టుక 1945లో, మెర్థర్ టిడ్‌విల్ అనే పేరుతో. యుద్ధం అయిపోయింది, జేబుల్లో డబ్బులున్నాయి, జనం ఆటకి ఎగబడ్డారు. 1948 నుంచి 1954 లోపల సదరన్ లీగ్ అయిదుసార్లు గెలిచారు. 1949లోనూ 1951లోనూ వెల్ష్ కప్ కూడా. అయినా పెద్ద లీగ్ తలుపు తెరుచుకోలేదు. అప్పట్లో గెలిచినవాడికి చోటు రాదు, లోపలున్నవాళ్లు ఓటేస్తేనే వస్తుంది. లోపలున్నవాళ్లు తమలో తాము ఓట్లేసుకునేవాళ్లు. మన సహకార సంఘాలు చూసినవాళ్లకి వివరించక్కర్లేదు.

"మీ వైపు ఫుట్‌బాల్ ఉందా?" అని పెద్దాయన అడిగాడు. క్రికెట్ అనేసి ఊరుకుందామనుకున్నాను. పిల్లాడు ఊరుకోలేదు, వాళ్ల తాత నూరిపోసిందంతా అప్పజెప్పాడు. మెర్థర్ సదరన్ లీగ్ గెలుస్తున్న ఆ రోజుల్లోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ రహీమ్ సాబ్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. "ఇప్పుడా జట్టు ఎక్కడుంది?" అన్నాడు పెద్దాయన. వాడికీ నాకూ ఇద్దరికీ మాట రాలేదు.

శుక్రవారం సాయంత్రం, పెనిడారెన్ పార్క్

ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని గ్రౌండ్ వెనక సందులోకి తీసుకెళ్లింది. ఎత్తయిన గోడ, తాళం వేసిన గేటు, చెత్తడబ్బాలు. గోడ అవతల బంతి తన్నే చప్పుడు, పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి, దారి మాత్రం లేదు. చెత్త బయట పెడుతున్న ఒకావిడ "అందరూ ఇటే వస్తారమ్మా" అని చెప్పులతోనే మాతో మలుపు దాకా నడిచొచ్చి చూపించి వెళ్లింది.

లోపల ఫ్లడ్‌లైట్ల కింద పిల్లల ప్రాక్టీసు జరుగుతోంది. ఇక్కడ గడ్డి లేదు, కృత్రిమ మైదానం. వారమంతా ఊరివాళ్లు, పిల్లలు, ఆడపిల్లల జట్లు ఆడుకోవచ్చు, అద్దె వస్తుంది. గడ్డి మైదానమైతే వారానికోసారి ఆడినా ఈ వానలకి బురదవుతుంది. అందం సంగతెలా ఉన్నా ఇలాంటి క్లబ్బుకి తిండి పెట్టేది ఇదే. ఒకవైపు పాతకాలపు స్టాండు, మిగతా చోట్ల నిలబడే మెట్లు. మొదటి శతాబ్దంలో రోమన్ సైన్యం కట్టుకున్న కోట సరిగ్గా ఈ నేల కిందే ఉంది. మైదానం చదును చేసే రోజుల్లో బయటపడిందట. పిల్లాడు నేలని కాలితో తట్టి చూశాడు, రోమన్లు పలుకుతారేమోనని.

ప్రాక్టీసు చూస్తూ నిలబడ్డ తల్లిదండ్రులతో మాట కలిసింది. అందరి నోటా ఒకటే తారీఖు: 1987 సెప్టెంబర్ 16.

ఆ ఏడాది మెర్థర్ వెల్ష్ కప్ ఫైనల్‌లో న్యూపోర్ట్ కౌంటీని రీప్లేలో, అంటే సమమయ్యాక మళ్లీ ఆడిన మ్యాచ్‌లో, ఓడించింది. కప్ గెలిచినవాళ్లకి యూరప్‌లో కప్ విన్నర్స్ కప్ ఆడే హక్కు. చీటీ తీస్తే ఇటలీ నుంచి అట్లాంటా అనే క్లబ్బు వచ్చింది. జీతం తీసుకుని వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఆడే కుర్రాళ్లు ఒకవైపు, బెర్గామో నుంచి వచ్చిన ప్రొఫెషనల్స్ ఒకవైపు. ఆ రాత్రి ఎనిమిది వేల మంది దాకా వచ్చారు. కెవిన్ రోజర్స్ ఒక గోల్, ఇటలీవాళ్లు సమం చేశారు, కెరీ విలియమ్స్ ఇంకో గోల్. 2-1. బెర్గామో వెళ్లి 2-0తో ఓడిపోయారు, మొత్తం మీద 3-2తో బయటికొచ్చారు. అట్లాంటా అప్పుడు రెండో డివిజన్‌లో ఉన్నా ఆ టోర్నీలో సెమీఫైనల్ దాకా వెళ్లింది. 2024లో యూరోపా లీగ్ గెలిచింది కూడా అదే క్లబ్బు. ఆ మే నెల రాత్రి మెర్థర్ పబ్బుల్లో అట్లాంటాకి ఎందుకు చప్పట్లు కొట్టారో బయటివాళ్లకి అర్థంకాలేదని ఒకతను చెప్పాడు. వాళ్లకి దొరికిన సమాధానం సులువు: "యూరప్ చాంపియన్లని ఓడించినవాళ్లం మేము."

ఒక లెక్క మాత్రం నాకు కుదరలేదు. మెర్థర్‌లో యాభై దాటిన మగవాళ్లలో నాకు తారసపడిన ప్రతివాడూ ఆ రాత్రి గ్రౌండ్‌లో ఉన్నాడు. ఎనిమిది వేల మంది నిలబడ్డ చోట పాతికవేల మంది ఎలా పట్టారో!

ఇటలీ అంటే ఈ లోయలకి కొత్త కాదు. ఉత్తర ఇటలీలోని బార్డి చుట్టుపక్కల కొండల నుంచి వందేళ్ల కిందటే కుటుంబాలు వచ్చి, ఊరూరా కెఫేలు పెట్టి, గని కార్మికులకి కాఫీ, ఐస్‌క్రీమ్ అలవాటు చేశాయి. ఇలాంటి కెఫేల్ని లోయలో బ్రాకీ అంటారు. ఇటలీ క్లబ్బు యువెంటస్ దేవుడిలా చూసుకున్న వేల్స్ ఆటగాడు జాన్ చార్ల్స్ కూడా చివరి దశలో, 1970ల మొదట్లో మెర్థర్ జట్టులో పనిచేశాడు. ఇటలీలో తొంభైకి పైగా లీగ్ గోల్స్ కొట్టిన మనిషి ఈ వానలో ఈ గుట్ట మీద నిలబడ్డాడన్నమాట.

శనివారం, మ్యాచ్ రోజు

టికెట్ పదిహేను పౌండ్ల చుట్టుపక్కల, పిల్లలకి చాలా తక్కువ. కండువా ఒకటి నలుపు-తెలుపు కొనిపించాడు పిల్లాడు. మధ్యాహ్నం మూడింటికి ఆట. ఒంటిగంటన్నరకే క్లబ్‌హౌస్ నిండిపోయింది. గేటు దగ్గర టికెట్లు చించేవాడు, టీ పోసేవాడు, కరపత్రాలమ్మేవాడు, ఎవరికీ జీతం లేదు. వాళ్లు ఓనర్లు.

మూడో పుట్టుక గురించి ఇక్కడే, టీ గ్లాసు పట్టుకుని, ఒక ట్రస్ట్ సభ్యురాలి నోట విన్నాను. 2000 దశకం చివరికి పాత క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది. 2010లో కంపెనీ లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులమ్మి మూసేసే దశలోకి, వెళ్లిపోయింది. అభిమానులు అప్పటికే ట్రస్ట్ పెట్టుకుని ఉన్నారు. వాళ్లు పేరు మళ్లీ 1908 నాటి మెర్థర్ టౌన్‌కి మార్చి కొత్తగా మొదలుపెట్టారు. లీగ్ వాళ్లు మూడు మెట్లు కిందికి తోసి, వెస్టర్న్ లీగ్ అడుగు డివిజన్‌లో పడేశారు. ఇంకో దెబ్బ: సొంత గ్రౌండ్ కూడా చేతిలో లేదు. ఆ మొదటి సీజన్ లోయ కింద టాఫ్స్ వెల్‌లో వేరే క్లబ్బు మైదానంలో ఆడారు.

"ఆ ఏడాదే అన్నిటికన్నా బాగుంది," అందావిడ. నేను నమ్మలేనట్టు చూశాను. "నిజంగా. పోవడానికి ఇంకేం లేదు కదా." ఆ డివిజన్ గెలిచారు. మరుసటి ఏడాది పెనిడారెన్ పార్క్‌కి తిరిగొచ్చి ఆ పై డివిజన్ కూడా గెలిచారు. 2015లో ఇంకో మెట్టు. పదేళ్లు ఎదురుచూసి 2024-25లో సదరన్ లీగ్ ప్రీమియర్ సౌత్ గెలిచి నేషనల్ లీగ్ అంచుల్లోకి వచ్చారు. ట్రస్ట్‌లో పద్ధతి ఒకటే, మనిషికి ఒక ఓటు. పౌండ్లు ఎన్ని పెట్టినా ఓటు ఒకటే. 1930లో ఓట్లేసి బయటికి పంపిన ఊరికి ఇదొక పద్ధతైన ప్రతీకారం అనిపించింది నాకు.

ప్రమోషన్‌తో పాటు ఒక శిక్ష కూడా వచ్చింది. దక్షిణ వేల్స్ జట్టుని నేషనల్ లీగ్ నార్త్‌లో వేశారు. ఇంగ్లండ్ ఈశాన్య తీరం దాకా బస్సులో పోవాలి. వేల్స్‌కి సొంత లీగ్ 1992లో మొదలైనప్పుడు మెర్థర్ అందులో చేరనని మొండికేసింది, ఇంగ్లండ్ వ్యవస్థలోనే ఉండిపోయింది. ఇప్పుడు అలా మిగిలినవి అయిదే: కార్డిఫ్, స్వాన్సీ, రెక్సమ్, న్యూపోర్ట్, మెర్థర్. ఆ పట్టుదల ఖరీదేమిటంటే, 1995లో ఇంగ్లండ్‌లో ఆడే క్లబ్బుల్ని వెల్ష్ కప్ నుంచి తప్పించారు. అంటే అట్లాంటా రాత్రి లాంటిది మళ్లీ రావడానికి ఆ పాత దారి మూసుకుపోయింది. దీని మీద అడిగితే ఇద్దరు మగవాళ్లు నా ఎదుటే పోట్లాడుకున్నారు, ఒకడు మంచిపని అని, ఒకడు తెలివితక్కువ పని అని. ముప్ఫై ఏళ్లుగా అదే గొడవట, అదే టేబుల్ దగ్గర.

ఆట మొదలైంది. నేను చూసింది ఎక్కువగా మనుషుల్నే. ఇంగ్లండ్ పై అయిదు అంచెల్లో మైదానం కనబడేచోట బీరు తాగకూడదు. ఇది ఆరో అంచె కాబట్టి ప్లాస్టిక్ గ్లాసులతో మెట్ల మీద హాయిగా నిలబడ్డారు. హాఫ్‌టైమ్ అవగానే గోల్ వెనక ఉన్న గుంపంతా ఒక్కసారి కదిలింది. గొడవేమోనని పిల్లాడి చెయ్యి పట్టుకున్నాను. మన జట్టు ఇప్పుడు అటువైపు గోల్ కొట్టాలి కాబట్టి మనమూ అటే నిలబడాలని నవ్వాడు వాడు. గుంపు నింపాదిగా, గ్లాసులు ఒలక్కుండా, మైదానం చుట్టూ తిరిగి అవతలి పక్కకి చేరింది. ఉత్తరం నుంచి పొద్దు పొడవకముందే బయల్దేరొచ్చిన అవతలి జట్టు అభిమానులు ఎదురొచ్చి వీళ్లతో తలలూపుకుంటూ దాటిపోయారు.

నా పక్కన ఎనభై ఏళ్ల ఆవిడ, ఒళ్లో ఫ్లాస్కు, మోకాళ్ల మీద దుప్పటి. రిఫరీని ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టిన ప్రతిసారీ నా వైపు తిరిగి "సారీ లవ్" అనేది, ఇంకో బిస్కెట్ ఇచ్చేది. అలా నాకు ఆరేడు బిస్కెట్లు ముట్టాయి. స్కోరు ఎంతని అడిగితే పిల్లాడు నిమిషాలతో సహా చెబుతాడు. నాకు గుర్తున్నది, బంతి మెర్థర్ ఆటగాడి తలకి తగిలి వల వైపు పోతుంటే ఆవిడ దుప్పటితో సహా లేచి నిలబడటం.

ఆదివారం, అబర్‌వాన్, టాఫ్స్ వెల్

తిరుగు దారిలో మెర్థర్ వేల్ స్టేషన్‌లో దిగాం. నది అవతలే అబర్‌వాన్. 1966 అక్టోబర్ 21 పొద్దున కొండ మీద పోసిన గని మట్టి వానకి జారి ప్యాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ మట్టి కింద నీటి ఊటలున్నాయని గని యాజమాన్యానికి తెలిసి ఉండాల్సిందని విచారణ తేల్చింది. మిగతా గుట్టల్ని తీయించడానికి, బాధితుల కోసం జనమిచ్చిన చందాల నుంచే ప్రభుత్వం లక్షా యాభై వేల పౌండ్లు లాక్కుంది. అసలు మాత్రం 1997లో తిరిగిచ్చింది, వడ్డీ లేకుండా. బడి ఉన్నచోట ఇప్పుడు తోట. పిల్లాడికి పన్నెండేళ్లు కదా, రాళ్ల మీద వయసులు చదివి ఏమీ అడగలేదు. స్టేషన్‌కి వచ్చాక మాత్రం ఆ డబ్బు సంగతి మళ్లీ మళ్లీ అడిగాడు. నాకూ అదే మింగుడుపడలేదు.

టాఫ్స్ వెల్‌లో ఇంకోసారి దిగుదామన్నది నా పట్టే. 2010లో ఇల్లు పోయిన మార్టర్స్ తలదాచుకున్న ఆ గ్రౌండ్ చూడాలనిపించింది. చిన్నది. మా కాలనీ గ్రౌండ్‌కి రేలింగ్ కట్టినట్టుంది, అంతే. గేటు మూసి ఉంది. కుక్కని తిప్పుతున్న ఒకాయన పిల్లాడి మెడలో కండువా చూసి, "మీవాళ్లు ఇక్కడ ఒక ఏడాది అద్దెకున్నారు. కప్పులన్నీ కడిగే ఇచ్చారు, మంచివాళ్లు" అన్నాడు.

కార్డిఫ్ చేరేసరికి చెల్లి చేపల పులుసు, వేడన్నం సిద్ధంగా పెట్టింది. పిల్లాడు తినేముందే ఫోన్ తీసి ట్రస్ట్‌లో పిల్లల సభ్యత్వం ఉందేమో వెతుకుతున్నాడు. తర్వాత బయటి ఊళ్ల మ్యాచ్‌ల జాబితా తెరిచి, సౌత్ షీల్డ్స్ ఎంత దూరమో వాళ్ల నాన్ననడిగాడు. మా మరిది ముద్ద ఆపి పెట్రోలు లెక్కేసి, కారులో ఒకవైపే ఆరు గంటల దాకా పడుతుందని చెప్పాడు. "అభిమానుల బస్సుంటుంది నాన్నా, చవక," అన్నాడు వాడు. దాని మీద చర్చ నేను ఫ్లయిట్ ఎక్కేరోజు దాకా సాగింది. చెల్లి ఇంకా ఒప్పుకోలేదు.